కెనడా–అమెరికా కాగితం, అట్ట వాణిజ్యం

కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రాల మధ్య కాగితం, అట్ట, వాటితో తయారైన వస్తువుల ఎగుమతి దిగుమతులను కలిపి కెనడా–అమెరికా కాగితం, అట్ట వాణిజ్యం అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఇది ప్రపంచంలోని అతిపెద్ద కాగితపు వాణిజ్య మార్గాల్లో ఒకటి. ఇందులో సింహభాగం వార్తాపత్రికలు అచ్చువేసే న్యూస్‌ప్రింట్‌ది. సరుకు ప్రధానంగా కెనడా నుంచి అమెరికాకు వెళ్లేది. 1980ల చివరి నుంచి రెండు మార్పులు వచ్చాయి. న్యూస్‌ప్రింట్ పరిమాణం ముందు నిలకడగా ఉండి, 2000 తరవాత వేగంగా పడిపోయింది. ప్యాకింగ్ అట్ట, టిష్యూ, తయారైన కాగితపు వస్తువుల వ్యాపారం రెండు దిక్కులా పెరిగింది. శతాబ్దానికి పైగా లెక్కలు దొరికే ఈ వాణిజ్యాన్ని రెండు దేశాల మధ్య సరుకు పరిమాణాలను కాలక్రమంలో పోల్చే పద్ధతికి ప్రామాణికమైన ఉదాహరణగా తీసుకోవచ్చు.

1. నిర్వచనం, పరిధి

కాగితానికీ అట్టకూ మధ్య అంతటా ఒకే గీత లేదు. సాధారణంగా చదరపు మీటరు బరువును (జీఎస్‌ఎం) బట్టి విడదీస్తారు. 225 జీఎస్‌ఎం దాటినదాన్ని అట్టగా లెక్కించడం అంతర్జాతీయ ప్రమాణాల్లో వాడుక. దీనికి మినహాయింపులున్నాయి. అట్టపెట్టెల గోడలో రెండు పొరల మధ్య ముడతలుగా ఉండే కాగితం అంతకంటే తేలికగా ఉన్నా వ్యాపార లెక్కల్లో అట్ట జాబితాలోకే వెళ్తుంది. కొన్ని మందపాటి డ్రాయింగ్ కాగితాలు ఆ బరువు దాటినా కాగితంగానే లెక్కకు వస్తాయి.

వాణిజ్య లెక్కల్లో మూడు దశల సరుకులు కనిపిస్తాయి. మొదటిది ముడిసరుకు: కలప గుజ్జు, తిరిగి వాడేందుకు సేకరించిన పాత కాగితం. రెండోది మిల్లు నుంచి రీళ్లుగానో షీట్లుగానో వచ్చే కాగితం, అట్ట. మూడోది వాటిని కోసి, మడిచి, అతికించి చేసిన వస్తువులు: అట్టపెట్టెలు, కవర్లు, నోటుపుస్తకాలు, టాయిలెట్ పేపర్ రోల్స్ వంటివి. ‘కాగితం, అట్ట’ అన్నప్పుడు కొన్ని లెక్కలు రెండో దశనే తీసుకుంటాయి. మరికొన్ని రెండు, మూడు దశలను కలుపుతాయి. పోలికలో వచ్చే తేడాలకు ఇదొక మూలం (మిగతా కారణాలకు చూ. 8. పోలికలో జాగ్రత్తలు).

2. సరుకుల వర్గీకరణ

అంతర్జాతీయ వాణిజ్యంలో సరుకులను గుర్తించే హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కెనడా అదే రోజున దీన్ని చేపట్టింది. అమెరికా 1989 జనవరి నుంచి వాడుతోంది. ఇందులో 47వ అధ్యాయం గుజ్జు, పాత కాగితాలది. 48వ అధ్యాయం కాగితం, అట్ట, వాటి వస్తువులది. 49వ అధ్యాయం పుస్తకాలు, వార్తాపత్రికల వంటి అచ్చు సరుకుది. 48వ అధ్యాయంలోని ముఖ్యమైన శీర్షికలు ఇవి.

4801: న్యూస్‌ప్రింట్ రీళ్లు, షీట్లు.
4802: పూత లేని రాత, అచ్చు కాగితాలు.
4803: టిష్యూ రకాల పెద్ద రీళ్లు.
4804, 4805: పూత లేని క్రాఫ్ట్ కాగితం, అట్టపెట్టెల లైనర్, ఇతర అట్టలు.
4810: మట్టి ఖనిజాల పూత వేసిన కాగితం, అట్ట.
4818: టాయిలెట్ పేపర్, న్యాప్‌కిన్ల వంటి గృహావసర వస్తువులు.
4819: అట్టపెట్టెలు, సంచులు, డబ్బాలు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తన అటవీ ఉత్పత్తుల గణాంకాల్లో వేరే విభజన పాటిస్తుంది. అందులో రాత, అచ్చు కాగితాలు ఒక వర్గం, గృహావసర కాగితం రెండోది, ప్యాకింగ్ కాగితం, అట్ట మూడోది, మిగతావి నాలుగోది. ఈ వర్గాల్లోకి మిల్లు సరుకు మాత్రమే వస్తుంది. అట్టపెట్టెల వంటి తయారీ వస్తువులు వేరే పద్దులోకి వెళ్తాయి.

3. గణాంక మూలాలు, కొలమానాలు

కెనడా లెక్కలను స్టాటిస్టిక్స్ కెనడా, అమెరికా లెక్కలను ఆ దేశపు సెన్సస్ బ్యూరో సేకరిస్తాయి. రెండూ ఐక్యరాజ్యసమితి వాణిజ్య గణాంకాల భాండాగారం కామ్‌ట్రేడ్‌కు చేరతాయి. ఎఫ్‌ఏఓ ఆన్‌లైన్ గణాంకాల్లో రెండు దేశాల వార్షిక వివరాలు 1961 నుంచి వరుసగా దొరుకుతాయి.

సాధారణంగా ఒక దేశం చూపిన ఎగుమతి, అవతలి దేశం చూపిన దిగుమతి సరిగ్గా సరిపోవు. కెనడా, అమెరికా విషయంలో ఈ ఇబ్బందికి ప్రత్యేకమైన పరిష్కారం ఉంది. 1987లో కుదిరిన అవగాహన ప్రకారం 1990 జనవరి నుంచి రెండు దేశాలూ దిగుమతి వివరాలను పరస్పరం అందించుకుంటున్నాయి. అమెరికాకు వెళ్లిన కెనడా ఎగుమతిని అమెరికా దిగుమతి లెక్క నుంచీ, కెనడాకు వచ్చిన అమెరికా ఎగుమతిని కెనడా దిగుమతి లెక్క నుంచీ తీసుకుంటారు. సుంకం వసూలు కోసం దిగుమతులను కస్టమ్స్ శాఖలు ఎక్కువ నిశితంగా పరిశీలిస్తాయి కాబట్టి ఈ లెక్క ఎగుమతి పత్రాలకంటే నమ్మదగినది. అందువల్ల 1990 తరవాతి లెక్కల్లో ఎగుమతి–దిగుమతి వ్యత్యాసం ఈ జంటలో చాలా తక్కువ. అంతకు ముందటి సంవత్సరాలకు ఈ సౌకర్యం లేదు.

పరిమాణాన్ని బరువులో కొలుస్తారు. మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. అమెరికా పాత నివేదికల్లోని షార్ట్ టన్ను 2,000 పౌండ్లు, అంటే సుమారు 907 కిలోలు. పాత కెనడా నివేదికల్లోనూ ఇదే టన్ను కనిపిస్తుంది. మార్పు చేయకుండా పోలిస్తే దాదాపు పది శాతం తేడా వస్తుంది.

పోలికకు వాడే ప్రధాన సూచికలు నాలుగు. ఒకటి, ఎగుమతి నుంచి దిగుమతిని తీసివేస్తే వచ్చే వాణిజ్య శేషం. రెండు, ఉత్పత్తికి దిగుమతిని కలిపి ఎగుమతిని తీసివేస్తే వచ్చే అంచనా వినియోగం. మూడు, విలువను బరువుతో భాగిస్తే వచ్చే సగటు ధర. నాలుగు, ఒకే రకం సరుకు రెండు దిక్కులా ఎంత నడుస్తోందో చూపే గ్రూబెల్–లాయిడ్ సూచిక. ఎగుమతి, దిగుమతుల తేడాను వాటి మొత్తంతో భాగించి, ఒకటి నుంచి తీసివేస్తే ఈ సూచిక వస్తుంది. ఒక సరుకులో ఎగుమతి 80 పాళ్లు, దిగుమతి 20 పాళ్లు అనుకుంటే సూచిక 0.4 అవుతుంది. రెండూ సమానమైతే 1, వ్యాపారం ఒకే దిక్కున ఉంటే 0.

4. చరిత్ర

4.1 కలప, సుంకాలు: 1897–1913

పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా కాగితానికి ముడిసరుకు పాత గుడ్డలు. ఆ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో కలప గుజ్జు వాటి స్థానాన్ని ఆక్రమించింది. న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ ప్రాంతాల మిల్లులకు దగ్గర్లోని స్ప్రూస్ అడవులు తరుగుతుండగా సరిహద్దుకు ఉత్తరాన విస్తారమైన అడవులు, జలపాతాలు ఉండేవి. 1898లో ఈశాన్య అమెరికాలోని పలు మిల్లులు కలిసి ఇంటర్నేషనల్ పేపర్ కంపెనీగా ఏర్పడ్డాయి. అంతకు ముందు ఏడాది, 1897లో వచ్చిన డింగ్లీ సుంకాల చట్టం దిగుమతి న్యూస్‌ప్రింట్‌పై టన్నుకు 6 డాలర్ల సుంకం విధించింది.

కెనడా రాష్ట్రాల ఆలోచన వేరు. అడవుల్లో అధిక భాగం ప్రభుత్వానికి చెందిన క్రౌన్ భూములు. వాటిలో నరికిన గుజ్జు కలపను దేశంలోనే వాడాలని ఒంటారియో 1900లో, క్విబెక్ 1910లో నిబంధనలు తెచ్చాయి. దుంగలను కాకుండా కాగితాన్ని ఎగుమతి చేయాలన్నది వాటి ఉద్దేశం.

అమెరికా పత్రికల యజమానులు చవక న్యూస్‌ప్రింట్ కోసం సుంకం ఎత్తివేయాలని పట్టుబట్టారు. ప్రతినిధుల సభ 1908లో జేమ్స్ మాన్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. 1909 చట్టం సుంకాన్ని 3.75 డాలర్లకు తగ్గించింది. 1911లో రెండు ప్రభుత్వాల మధ్య పరస్పర సుంకాల ఒప్పందం కుదిరినా, ఆ ఏడాది సెప్టెంబరు ఎన్నికల్లో విల్‌ఫ్రిడ్ లారియర్ ప్రభుత్వం ఓడిపోవడంతో కెనడా వైపు అది అమలు కాలేదు. అయితే అమెరికా చట్టంలో గుజ్జు, కాగితాలకు సంబంధించిన సెక్షన్ విడిగా అమల్లోకి వచ్చింది. 1913 అండర్‌వుడ్ చట్టం పౌండుకు రెండున్నర సెంట్లు మించని న్యూస్‌ప్రింట్‌పై సుంకాన్ని పూర్తిగా తొలగించింది.

4.2 కెనడా ఆధిక్యం: 1913–1929

1913లో కెనడా ఉత్పత్తి సుమారు మూడున్నర లక్షల టన్నులు, అమెరికా ఉత్పత్తి సుమారు 13 లక్షల టన్నులు. 1926 నాటికి కెనడా దాదాపు 19 లక్షల టన్నులకు చేరి, 17 లక్షల టన్నుల దగ్గర ఉన్న అమెరికాను దాటింది. ఈ పెరుగుదలకు కావలసిన పెట్టుబడి చాలావరకు అమెరికా నుంచే వచ్చింది. చికాగో ట్రిబ్యూన్ పత్రిక ఒంటారియోలోని థొరాల్డ్‌లో సొంత మిల్లు నెలకొల్పింది; అది 1913లో పనిచేయడం మొదలుపెట్టింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక కింబర్లీ–క్లార్క్ కంపెనీతో కలిసి కపుస్కేసింగ్‌లో పెట్టిన స్ప్రూస్ ఫాల్స్ మిల్లు 1928లో న్యూస్‌ప్రింట్ ఇవ్వసాగింది. ఇంటర్నేషనల్ పేపర్ తన న్యూస్‌ప్రింట్ తయారీలో పెద్ద భాగాన్ని క్విబెక్‌కు మార్చింది. ఈ దశలో సరిహద్దు దాటిన కాగితంలో కొంత ఒకే యాజమాన్యం కింది మిల్లు నుంచి ముద్రణాలయానికి చేరినదే.

4.3 మాంద్యం, యుద్ధం: 1930–1945

1920లో టన్నుకు 100 డాలర్లు దాటిన న్యూస్‌ప్రింట్ ధర 1934 నాటికి 40 డాలర్లకు పడిపోయింది. అవసరానికి మించి మిల్లులు కట్టడం, ప్రకటనలు తగ్గి పత్రికల పేజీలు కుదించుకుపోవడం ఇందుకు కారణాలు. పెద్ద కంపెనీల్లో ఒకటైన అబిటిబి 1932లో న్యాయస్థానం నియమించిన రిసీవర్ చేతికి వెళ్లి 1946 వరకు అలాగే ఉంది. ధర కూలినా, అమెరికా వాడకంలో కెనడా వాటా తగ్గలేదు. అమెరికా సొంత ఉత్పత్తి 10 లక్షల టన్నుల చుట్టుపక్కలకు దిగజారింది. చికాగో ట్రిబ్యూన్ బే–కోమో వద్ద కట్టిన రెండో మిల్లు 1930ల చివర్లో ఉత్పత్తి ప్రారంభించింది. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం పత్రికలకు న్యూస్‌ప్రింట్ కోటాలు విధించింది.

4.4 శిఖర దశ: 1946–1988

1950లో కెనడా సుమారు 53 లక్షల టన్నుల న్యూస్‌ప్రింట్ తయారు చేసింది. అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులు అమెరికా కొన్నది. అదే ఏడాది అమెరికా స్వదేశీ ఉత్పత్తి సుమారు 10 లక్షల టన్నులు. అమెరికా పత్రికల వాడకంలో ఐదింట నాలుగు వంతులు కెనడా సరుకే. కెనడా ఒకే కొనుగోలుదారు మీద, అమెరికా పత్రికలు ఒకే సరఫరాదారు మీద ఇంతగా ఆధారపడ్డాయి.

ఈ ఆధారపడటాన్ని తగ్గించినవి అమెరికా దక్షిణాది పైన్ చెట్లు. జిగురు ఎక్కువగా ఉండే ఈ కలప న్యూస్‌ప్రింట్‌కు పనికిరాదని అంతకు ముందు భావించేవారు. రసాయన శాస్త్రవేత్త చార్లెస్ హెర్టీ జార్జియాలో చేసిన ప్రయోగాలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. ఆయన 1938లో మరణించారు. 1940లో టెక్సస్‌లోని లఫ్కిన్ వద్ద సౌత్‌ల్యాండ్ మిల్లు, 1950లో అలబామాలోని చిల్డర్స్‌బర్గ్ వద్ద కూసా రివర్ మిల్లు, 1954లో టెనెసీలోని కాల్హూన్ వద్ద బ్రిటిష్ కంపెనీ బోవాటర్ మిల్లు మొదలయ్యాయి. కెనడా ఎగుమతి టన్నుల్లో పెరుగుతూనే ఉన్నా, అమెరికా వినియోగంలో దాని వాటా మెల్లగా తగ్గింది. ఒకే కాలంలో పరిమాణం పెరగడం, వాటా తగ్గడం ఒకదానికొకటి విరుద్ధం కాదు. కొనే దేశపు మొత్తం వాడకం అంతకంటే వేగంగా పెరగడమే ఇందుకు కారణం.

1988 ప్రాంతంలో కెనడా వార్షిక న్యూస్‌ప్రింట్ ఉత్పత్తి సుమారు కోటి టన్నులకు చేరింది. అమెరికా వినియోగం 1 కోటి 20 లక్షల టన్నుల స్థాయికి వచ్చింది. రెండు దేశాల్లోనూ ఇది దాదాపు గరిష్ఠ స్థాయి.

4.5 స్వేచ్ఛా వాణిజ్యం, పాత కాగితం: 1989–2000

కెనడా–అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 1989 జనవరి 1న, మెక్సికోను చేర్చుకున్న నాఫ్టా 1994 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. న్యూస్‌ప్రింట్‌పై సుంకం అంతకు ముందే లేదు కాబట్టి వీటి ప్రభావం ఇతర రకాలపైనే ఎక్కువ. రాత కాగితం, పూత కాగితం, అట్ట, తయారైన వస్తువులపై సుంకాలు దశలవారీగా తొలగిపోయాయి. అంతవరకు సుంకాల రక్షణలో ఒక్కో దేశపు మార్కెట్‌కే పనిచేసిన మిల్లులు ఎంచుకున్న కొన్ని రకాల్లో ప్రత్యేకత సాధించి రెండు దేశాలకూ అమ్మసాగాయి.

అదే సమయంలో ముడిసరుకు ప్రవాహం ఎదురు దిశలో మొదలైంది. కాలిఫోర్నియా 1989లో చేసిన చట్టం 1991 నుంచి న్యూస్‌ప్రింట్ వాడకంలో కనీసం 25 శాతం, 2000 నాటికి 50 శాతం పాత కాగితంతో చేసిన రకం ఉండాలని నిర్దేశించింది. ఇతర రాష్ట్రాలు కూడా ఇలాంటి చర్యలు చేపట్టాయి. కెనడాలో జనాభా తక్కువ, అడవులు ఎక్కువ. పాత పత్రికలు దొరికేది అమెరికా నగరాల్లో. దాంతో కెనడా మిల్లులు సిరా తొలగించే యంత్రాలు పెట్టుకుని అమెరికా నుంచి పాత పత్రికలను దిగుమతి చేసుకున్నాయి. ఈ సరుకు 47వ అధ్యాయం కిందికి వస్తుంది కాబట్టి 48వ అధ్యాయం లెక్కలు మాత్రమే చూస్తే ఈ ఎదురు ప్రవాహం కనిపించదు.

4.6 క్షీణత, పునర్వ్యవస్థీకరణ: 2000 తరవాత

పాఠకులు, ప్రకటనలు ఇంటర్నెట్‌కు మళ్లడంతో అమెరికా న్యూస్‌ప్రింట్ వినియోగం 2000 తరవాత ఏటేటా తగ్గి, 2010 నాటికి సగానికంటే కిందికి వచ్చింది. ఈ దశలోనే కెనడా డాలరు బలపడింది. 2002 జనవరిలో 62 అమెరికా సెంట్ల దగ్గర ఉన్నది 2007 సెప్టెంబరులో అమెరికా డాలరుతో సమానమైంది. గిరాకీ తగ్గడం, అమ్మకం ఆదాయం స్వదేశీ కరెన్సీలో కుంచించుకుపోవడం ఒకేసారి జరిగాయి.

2007 అక్టోబరులో అబిటిబి–కన్సాలిడేటెడ్, బోవాటర్ విలీనమై అబిటిబిబోవాటర్‌గా ఏర్పడ్డాయి. ఆ కంపెనీ 2009 ఏప్రిల్‌లో అప్పులవాళ్ల నుంచి న్యాయస్థాన రక్షణ కోరింది. 2011లో రెజల్యూట్ ఫారెస్ట్ ప్రొడక్ట్స్‌గా పేరు మార్చుకుంది. 2023లో పేపర్ ఎక్సలెన్స్ గ్రూపుకు చెందిన డామ్టార్ దాన్ని కొనుగోలు చేసింది. న్యూఫౌండ్‌ల్యాండ్‌లో 1909 నుంచి నడిచిన గ్రాండ్ ఫాల్స్ మిల్లు 2009లో మూతపడింది. ఒంటారియోలోని ఇరొక్వా ఫాల్స్ మిల్లు 2014 చివర్లో మూతపడింది.

ఆన్‌లైన్ అమ్మకాలతో అట్టపెట్టెలకు గిరాకీ పెరిగింది. క్రూగర్ కంపెనీ ట్రువా–రివియేర్‌లోని ఒక న్యూస్‌ప్రింట్ యంత్రాన్ని అట్టపెట్టెల లైనర్ తయారీకి మార్చి 2017లో ప్రారంభించింది. పెట్టుబడి దిశ కూడా మారింది. క్విబెక్ కంపెనీ కాస్కేడ్స్ భాగస్వాములతో కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్‌లో గ్రీన్‌పాక్ మిల్లును 2013లో ప్రారంభించింది. శతాబ్దం కిందట థొరాల్డ్‌కు అమెరికా పెట్టుబడి వచ్చినట్టే, ఇప్పుడు కెనడా పెట్టుబడి సరిహద్దు దాటి వెళ్లింది.

5. రకాలవారీ పోలిక

న్యూస్‌ప్రింట్: వ్యాపారం దాదాపు పూర్తిగా కెనడా నుంచి అమెరికాకే. గ్రూబెల్–లాయిడ్ సూచిక సున్నాకు దగ్గరగా ఉంటుంది. పరిమాణంలో అతిపెద్ద పతనం కూడా ఈ రకానిదే.

యాంత్రిక గుజ్జుతో చేసే ఇతర అచ్చు కాగితాలు: సూపర్‌క్యాలెండర్డ్ (రోలర్ల మధ్య నునుపు చేసిన), తేలికపాటి పూత కాగితాలు ఈ వర్గంలోవి. పత్రికల అనుబంధాలకు, వారపత్రికలకు, కేటలాగులకు వాడతారు. ఇక్కడా కెనడా నుంచి వెళ్లేదే ఎక్కువ. న్యూస్‌ప్రింట్ గిరాకీ తగ్గినప్పుడు కెనడా మిల్లులు కొన్ని ఈ రకాలకు మారాయి.

రసాయన గుజ్జుతో చేసే రాత, అచ్చు కాగితాలు: కాపీయింగ్ కాగితం వంటివి. అమెరికాకు సొంత ఉత్పత్తి ఎక్కువ. సుంకాలు పోయాక వ్యాపారం రెండు దిక్కులా నడుస్తోంది.

ప్యాకింగ్ కాగితం, అట్ట: క్రాఫ్ట్ లైనర్ ఉత్పత్తిలో అమెరికా దక్షిణాది రాష్ట్రాలు ప్రపంచంలో ముందున్నాయి. వేగంగా పెరిగే పైన్ చెట్ల పొడవాటి, గట్టి నార ఇందుకు బాగా పనికొస్తుంది. ఈ వర్గంలో అమెరికా నుంచి కెనడాకు వచ్చే సరుకు గణనీయం.

టిష్యూ, తయారైన వస్తువులు: బరువు తక్కువ, చోటు ఎక్కువ తీసుకునే సరుకులు కాబట్టి దూర రవాణా గిట్టుబాటు కాదు. సరిహద్దుకు దగ్గరి మిల్లులు రెండు వైపులా అమ్ముతాయి. అమెరికా నుంచి కెనడాకు వచ్చే కాగితపు సరుకులో తయారైన వస్తువుల వాటా ఎక్కువ. అందువల్ల టన్నుల్లో చూసినప్పటికంటే డాలర్లలో చూసినప్పుడు రెండు దేశాల మధ్య అంతరం తక్కువగా కనిపిస్తుంది.

6. పరిమాణాలను నిర్ణయించే అంశాలు

ముడిసరుకు: ఉత్తరాది స్ప్రూస్, ఫర్ చెట్ల కలప లేత రంగులో ఉంటుంది, జిగురు తక్కువ. ఎక్కువ బ్లీచింగ్ లేకుండానే పత్రికలకు సరిపడే గుజ్జు ఇస్తుంది.

విద్యుత్తు: యాంత్రిక గుజ్జు తయారీలో కలపలో దాదాపు 95 శాతం గుజ్జుగా మారుతుంది, రసాయన పద్ధతిలో సగం మాత్రమే. కానీ యాంత్రిక పద్ధతికి టన్నుకు రెండు వేల యూనిట్లకు పైగా కరెంటు కావాలి. క్విబెక్, ఒంటారియో నదులపై జలవిద్యుత్తు చవకగా దొరకడం ఈ మిల్లులకు ఆధారమైంది.

రవాణా: న్యూస్‌ప్రింట్ రీళ్లు ప్రధానంగా రైళ్లలో వెళ్తాయి. సెయింట్ లారెన్స్ నది, మహా సరస్సుల మీదుగా ఓడల్లోనూ వెళ్లేవి. న్యూయార్క్, చికాగో వంటి పెద్ద పత్రికా నగరాలు మిల్లులకు అందుబాటు దూరంలో ఉన్నాయి.

మారకపు రేటు: ధర అమెరికా డాలర్లలో, కూలీ, కలప ఖర్చులు కెనడా డాలర్లలో ఉంటాయి. కెనడా డాలరు బలహీనపడితే ఎగుమతి లాభసాటి, బలపడితే నష్టం.

ప్రభుత్వ విధానం: సుంకాలు, అటవీ లీజుల నిబంధనలు, రీసైక్లింగ్ చట్టాలు, సబ్సిడీలు ఈ కోవలోవి. అమెరికా 2009లో గుజ్జు మిల్లుల్లో ఇంధనంగా మండించే నల్లద్రవానికి గ్యాలన్‌కు 50 సెంట్ల పన్ను రాయితీ వర్తింపజేసింది. కెనడా అదే ఏడాది వంద కోట్ల కెనడా డాలర్ల హరిత పరివర్తన పథకాన్ని ప్రకటించింది.

7. వాణిజ్య వివాదాలు

సూపర్‌క్యాలెండర్డ్ కాగితం కేసు: అమెరికా ఉత్పత్తిదారుల ఫిర్యాదుపై ఆ దేశం 2015 డిసెంబరులో కెనడా సరుకుపై ప్రతి–సబ్సిడీ సుంకాలు విధించింది. నోవా స్కోషియాలోని పోర్ట్ హాక్స్‌బరీ మిల్లుపై 20.18 శాతం, రెజల్యూట్‌పై 17.87 శాతం పడ్డాయి. కెనడా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. 2018 జులైలో ఆ సంస్థ వివాద మండలి, 2020 ఫిబ్రవరిలో అప్పిలేట్ విభాగం ప్రధానాంశాల్లో కెనడాకు అనుకూలంగా తేల్చాయి. ఈలోగా 2018లోనే అమెరికా ఆ సుంకాలను ఉపసంహరించింది.

పూత లేని యాంత్రిక గుజ్జు కాగితం కేసు: వాషింగ్టన్ రాష్ట్రం లాంగ్‌వ్యూలోని నార్‌ప్యాక్ మిల్లు 2017 ఆగస్టులో ఫిర్యాదు చేసింది. ఇందులో న్యూస్‌ప్రింట్‌తోపాటు పుస్తకాలు, ప్రకటన పత్రాలకు వాడే కాగితాలూ చేరాయి. 2017లో ఈ రకాల దిగుమతి విలువ సుమారు 120 కోట్ల డాలర్లు. 2018 జనవరిలో ప్రతి–సబ్సిడీ, మార్చిలో యాంటీ డంపింగ్ తాత్కాలిక సుంకాలు వచ్చాయి. ఆగస్టు తొలివారంలో వాణిజ్య శాఖ తుది రేట్లు ప్రకటించింది. సుంకం వల్ల తమ ఖర్చు పెరుగుతోందని అమెరికా పత్రికలే వీటిని వ్యతిరేకించాయి. 2018 ఆగస్టు 29న అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ దేశీయ పరిశ్రమకు నష్టం జరగలేదని ఏకగ్రీవంగా తేల్చడంతో సుంకాలు రద్దయ్యాయి. 1908 విచారణ నాటిలాగే ఈసారీ సుంకం వద్దన్నది సరుకు వాడుకునే పత్రికలే.

2020 జులై 1 నుంచి నాఫ్టా స్థానంలో అమెరికా–మెక్సికో–కెనడా ఒప్పందం అమల్లో ఉంది. 2025 మార్చిలో అమెరికా కెనడా సరుకులపై 25 శాతం సుంకం ప్రకటించినా, ఈ ఒప్పందపు నిబంధనలకు లోబడిన సరుకులకు కొద్ది రోజుల్లోనే మినహాయింపు ఇచ్చింది.

8. పోలికలో జాగ్రత్తలు

దీర్ఘకాలపు లెక్కలను వరుసగా పేర్చేటప్పుడు నిజమైన మార్పును, లెక్కించే పద్ధతిలో వచ్చిన మార్పును విడదీయాలి. ఈ జంటలో ముఖ్యమైనవి ఇవి.

సరిహద్దు మార్పు: న్యూఫౌండ్‌ల్యాండ్ 1949లో కెనడాలో చేరింది. గ్రాండ్ ఫాల్స్, కార్నర్ బ్రూక్ మిల్లుల సరుకు అంతకు ముందు విడి దేశపు ఎగుమతి, ఆ తరవాత కెనడా ఎగుమతి. ఆ ఏడాది కనిపించే పెరుగుదలలో కొంత ఈ కారణంగా వచ్చినదే.

కాగితం బరువు: అమెరికా పత్రికలు 1970లలో 52 జీఎస్‌ఎం కాగితం నుంచి 48.8 జీఎస్‌ఎం కాగితానికి మారాయి. దాంతో అదే సంఖ్యలో పేజీలకు సుమారు ఆరు శాతం తక్కువ టన్నులు సరిపోయాయి. టన్నుల్లో కనిపించే ఈ తగ్గుదల గిరాకీ తగ్గుదల కాదు.

నిర్వచనం మార్పు: హార్మొనైజ్డ్ సిస్టమ్‌లో న్యూస్‌ప్రింట్‌గా లెక్కకు రావాలంటే ఉండాల్సిన యాంత్రిక గుజ్జు కనీస వాటాను 2012 సవరణ 65 శాతం నుంచి 50 శాతానికి తగ్గించింది. దీంతో కొన్ని కాగితాలు 4802 నుంచి 4801లోకి వచ్చే అవకాశం ఏర్పడింది.

వర్గీకరణ వ్యవస్థ మార్పు: 1988, 1989లో పాత జాతీయ జాబితాల నుంచి కొత్త పద్ధతికి మారినప్పుడు రకాలవారీ లెక్కల్లో తెగుదల ఉంది. మొత్తం కాగితం స్థాయిలో ఈ ఇబ్బంది తక్కువ.

పరిమాణం, విలువ: ధరలు చక్రాల్లో పెరిగి తగ్గుతాయి. టన్నులు పడిపోయిన ఏడాదే విలువ పెరగవచ్చు. అందువల్ల రెండు వరుసలనూ పక్కపక్కన చూపడం మేలు.

ఎంచుకున్న మొదటి సంవత్సరం: 1934ను ఆధారంగా తీసుకుంటే పెరుగుదల విపరీతంగా, 1988ని తీసుకుంటే తగ్గుదల విపరీతంగా కనిపిస్తాయి. మూడు లేదా ఐదేళ్ల సగటును ఆధారంగా తీసుకుంటే ఈ వక్రత తగ్గుతుంది.

9. భారతదేశంతో సంబంధం

భారతీయ పత్రికలు, వాటిలో తెలుగు దినపత్రికలు, దేశీయ న్యూస్‌ప్రింట్‌తోపాటు దిగుమతి సరుకును కూడా వాడుతున్నాయి. ఆ సరుకు వచ్చే దేశాల్లో కెనడా ముఖ్యమైనది. అమెరికా గిరాకీ తగ్గిన కొద్దీ కెనడా మిల్లులకు ఆసియా మార్కెట్లు, ముఖ్యంగా భారత్, ముఖ్యమయ్యాయి. ఉత్తర అమెరికాలో మిల్లుల మూసివేతలు, మారకపు రేట్లు హైదరాబాదు, విజయవాడల్లోని ముద్రణాలయాల ఖర్చుపై ప్రభావం చూపడానికి మార్గం ఇదే. భారత ప్రభుత్వం 2019 జులై బడ్జెట్‌లో న్యూస్‌ప్రింట్ దిగుమతిపై 10 శాతం సుంకం విధించి, 2020 ఫిబ్రవరిలో దాన్ని 5 శాతానికి తగ్గించింది.

10. ప్రాముఖ్యం

ఈ వాణిజ్యం కెనడాలో అడవుల మధ్య ఒక్క మిల్లు ఆధారంగా వెలసిన పట్టణాలను సృష్టించింది. కపుస్కేసింగ్, బే–కోమో అలాంటివి. అమెరికాలో ఇది చవక దినపత్రికల విస్తరణకు తోడ్పడింది. వాణిజ్య విధాన చరిత్రలో దీని స్థానం ప్రత్యేకమైనది. ముడిసరుకు ఎగుమతిని ఆపి తయారీని రప్పించిన విధానానికి కెనడా రాష్ట్రాల కలప నిబంధనలను, వినియోగదారు పరిశ్రమ ఒత్తిడితో సుంకం తొలగిన సందర్భానికి 1913 చట్టాన్ని ఉదాహరణలుగా చూపుతారు.

గణాంక దృష్టితో ఈ వాణిజ్యాన్ని మూడు దశలుగా చూడవచ్చు. 1913 నుంచి 1950 వరకు ఒకే రకం సరుకు ఒకే దిక్కున విస్తరించింది. 1950 నుంచి 1988 వరకు టన్నులు పెరిగినా కెనడా వాటా తగ్గింది. ఆ తరవాత న్యూస్‌ప్రింట్ కుంచించుకుపోగా, పలు రకాల సరుకు రెండు దిక్కులా నడిచింది. మొత్తం టన్నులను మాత్రమే పోలిస్తే మూడో దశ కేవలం క్షీణతగా కనిపిస్తుంది. రకాలవారీగా, ముడిసరుకుతో కలిపి చూస్తే రెండు పరిశ్రమలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన తీరు బయటపడుతుంది.

ఇవి కూడా చూడండి: అంతర్జాతీయ వాణిజ్య గణాంకాలు; అట్టపెట్టెల పరిశ్రమ; కలప గుజ్జు; కాగితం పునర్వినియోగం; నాఫ్టా; న్యూస్‌ప్రింట్; యాంటీ డంపింగ్ సుంకం; హార్మొనైజ్డ్ సిస్టమ్.